ఏడో నంబరు గంప

మంగళవారం మధ్యాహ్నం మూడున్నర వేళ, ఏడో నంబరు గంప ముందు కూర్చున్న జహీరున్నీసా తల మెల్లగా వంగి మిరపకాయల కుప్ప మీద ఆనింది. చెయ్యి మాత్రం ఇంకా కాయని వదల్లేదు. బొటనవేలి గోరు ముచ్చిక కింద దూరి అక్కడే ఆగిపోయింది. మనిషి నిద్రపోయింది గానీ చెయ్యి ఇంకా పనిలోనే ఉంది.

పుల్లమ్మ చూసింది. వరస మొదట్లో, గోడవారన కూర్చుంటుంది ఆవిడ. ముఠా మేస్త్రి గనక పన్నెండు మంది చేతులూ ఆవిడ కళ్ళబడాలి. ఇరవై రెండేళ్ళుగా పడుతూనే ఉన్నాయి. ఎవరి వేళ్ళు ఏ పూట మందగిస్తాయో, ఘాటుకి ముందు ఎవరు తుమ్ముతారో కూడా చెప్పగలదు. ముచ్చిక అంటే కాయ తల మీది తొడిమే. ఓడెక్కి పోయే తేజ రకం కాయకి అది ఉండకూడదట. తినేవాళ్ళకి దానివల్ల ఏం అడ్డమో పుల్లమ్మకి ఎప్పుడూ అర్థం కాలేదు గానీ, ఆ అడ్డం పుణ్యమా అని పన్నెండు ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది.

జహీరున్నీసాకి రెండు రాత్రులుగా నిద్ర లేదని పొద్దున ఆటో ఎక్కినప్పుడే పసిగట్టింది పుల్లమ్మ. అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రాత్రంతా మూలుగు, గంటకోసారి లేచి పక్క మార్చడం. ఇలాంటి రోజులకి ఆ ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో తెలీదు, దానికి పేరు కూడా లేదు. చావింటి నుంచో పురిటింటి నుంచో ఆసుపత్రి నుంచో నిద్ర లేకుండా వచ్చిన మనిషిని వరస మధ్యలో కూర్చోబెడతారు. మధ్యాహ్నం అన్నాలు తిని లేచాక, ఒక్కొక్కరూ తను ముచ్చిక తీసిన కాయలోంచి ఒక దోసెడు ఆ మనిషి గంపలో పోసిపోతారు. పోసేవాళ్ళు మాట్లాడరు, పోయించుకున్నవాళ్ళు దణ్ణాలు పెట్టరు. పదకొండు దోసిళ్ళు పడితే సాయంత్రం గంప సగం నిండినట్టే. మిగతా సగం కునికిపాట్లు పడుతూ కూడా లాక్కురావచ్చు.

ఆవేళా స్తుతి దోసిలి పట్టి లేవబోయింది. ముఠా మొత్తానికి చిన్నది, ఇంటరు దాకా చదివింది, దూకుడెక్కువ. పుల్లమ్మే కళ్ళతో వద్దంది. ఎందుకంటే రెండు నెలల కిందట సూపర్‌వైజరుగా వచ్చిన అంకమ్మరావు ప్రతి గంపకీ నంబరు వేయించాడు. అంతకుముందు పోయిన సరుకులో ముచ్చికలు దొరికి కొన్నవాళ్ళు గోల చేశారని, ఇక మీదట ఎవరి గంప వాళ్ళదేననీ, ఒకరి కాయ ఇంకొకరి గంపలో పడితే ఇద్దర్నీ పంపించేస్తాననీ చెప్పాడు. పనిలో కునికినా అంతే. ముఠా తరఫున సరేనని సంతకం పెట్టింది పుల్లమ్మే.

ఇప్పుడు అంకమ్మరావు చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. పుల్లమ్మ చెయ్యి చాపితే అందేంత దూరంలో లేదు జహీరున్నీసా. కానీ ఒక కాయ విసిరితే తగిలే దూరంలోనే ఉంది. ఆ కాయ పుల్లమ్మ చేతిలోనే ఉంది కూడా. విసరలేదు. ఎందుకు విసరలేదో ఆ క్షణంలో ఆవిడకీ తెలీదు. ఇరవై రెండేళ్ళలో ఎవరి చేతా మాట పడని మనిషి, ఇప్పుడు సంతకం పెట్టి మాట తప్పిందని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది కాబోలు.

అంకమ్మరావు ఆగాడు, జేబులోంచి ఫోన్ తీశాడు, వంగి ఫోటో తీశాడు. ఆ చప్పుడుకి జహీరున్నీసా ఉలిక్కిపడి లేచింది. చెంపకి నాలుగు గింజలూ ఒక కాయ తొక్కా అంటుకుని ఉన్నాయి. తుడుచుకోబోయి చేతులు చూసుకుని ఆగిపోయింది. మిరపకాయ చేతులతో మొహం తుడుచుకుంటే ఏమవుతుందో అక్కడ పసిపిల్లలకైనా తెలుసు. అప్పటికే చెంప ఎర్రగా కందింది. 

"ఏడో నంబరు రేపట్నుంచి రానక్కర్లేదు. పుల్లమ్మా, విన్నావా?" అన్నాడు అంకమ్మరావు.

"విన్నాను సార్."

ఐదు నిమిషాల్లో షెడ్డు వాట్సప్ గ్రూపులో ఫోటో వచ్చింది. కింద 'డ్యూటీలో నిద్ర' అని రాశాడు. ఆ గ్రూపులో కాటా వాళ్ళున్నారు, బస్తాలెత్తేవాళ్ళున్నారు, ఆటో తోలే బుడాన్ ఉన్నాడు. షెడ్డు ఓనరుగారు కూడా ఉన్నారు.

సాయంత్రం ఏడో నంబరు గంపని కాటా దగ్గరికి మోసింది పుల్లమ్మే. పైకెత్తే ముందు అలవాటు కొద్దీ అడుగు దాకా వేళ్ళు పోనిచ్చి చూసింది. గంప నిండలేదు. కానీ ఉన్నదాంట్లో ముచ్చిక ఒక్కటి లేదు. తాలు కాయ లేదు, విరిగిన కాయ కూడా లేదు. రెండు రాత్రులు నిద్ర లేని మనిషి తీసిన కాయ అది.

ఇంటికి పోయేటప్పుడు పొన్నూరు రోడ్డు మీద తమ పల్లె మలుపు దగ్గర దిగి నాలుగడుగులు వేశాక జహీరున్నీసా వెనక్కి తిరిగింది. కోపంగా అనలేదు, ఏడుస్తూనూ అనలేదు.

"కాస్త తట్టి లేపితే సరిపోయేది గదా పెద్దమ్మా" అంది.

ఆ మాట అని చక్కా పోయింది. పుల్లమ్మకి ఇక ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. మూడుసార్లు లేచి మంచినీళ్ళు తాగింది, ఒకసారి ప్రార్థన చేసింది. ప్రార్థన సగంలో దేవుడికి బదులు ఆ పిల్ల చెంప కనపడింది. తిట్టినా బాగుండేది. తిడితే ఎదురు తిట్టి పడుకోవచ్చు. ఏమీ అనకుండా ఉన్న మాట చెప్పి పోయినవాళ్ళని ఏం చెయ్యగలం?

* * *

బుధవారం పొద్దున భర్త జోసఫ్ టీ గ్లాసు చేతికిస్తూ, "రాత్రంతా దొర్లుతానే ఉన్నావు. ఇయ్యాల మానెయ్యరాదూ" అన్నాడు.

"రేపు సరుకు ఇన్‌స్పెక్షనయ్యా. మేస్త్రి మానేస్తే ఇంకేమన్నా ఉందా?"

"మేస్త్రికి నిద్రొస్తే?"

"మేస్త్రికి నిద్ర రాదు" అంది పుల్లమ్మ, పైట నడుముకి దోపుకుంటూ. ఈ మాట ఇరవై రెండేళ్ళుగా అంటోంది, నిజం చేసుకుంటూ వచ్చింది కూడా. కూతురు ఆరాధన పుట్టిన నెలకే పనిలోకి వచ్చింది. తల్లి పోయిన నాలుగో రోజు వచ్చింది. ఒక్కనాడు ఆవలించి ఎరగదు. ముఠాలో ఎంతమందికి దోసిలి పోసిందో లెక్క లేదు. తన గంపలో ఇంకొకరి దోసిలి పడనిచ్చిన రోజు లేదు. ఆ గర్వం ఆవిడ మొహంలో బొట్టు లేని లోటుని ఎప్పుడూ తెలియనివ్వదని స్తుతి ఎగతాళి చేస్తుంది.

షెడ్డులో ఏడో నంబరు గంప ఖాళీగా బోర్లించి ఉంది. ఆ పక్కవాళ్ళిద్దరూ దగ్గరికి జరగలేదు. మనిషి పట్టేంత జాగా అలాగే వదిలి కూర్చున్నారు. పుల్లమ్మతో ఎవరూ తగువు పెట్టుకోలేదు. "కొబ్బరి నూనె ఇటివ్వు", "గోతం జరుపు" అని పనిమాటలే మాట్లాడారు. పుల్లమ్మ నూనె అరచేతుల్లో వేసుకుని గోళ్ళ సందుల దాకా రాసుకుంది, పైట చెంగు ముక్కుకి బిగించింది, మొదటి కాయ తీసింది.

మొదటి గంట బాగానే గడిచింది. ఆ తర్వాతే కళ్ళల్లో ఇసుక పోసినట్టయింది. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అన్న మహానుభావుడెవరో గానీ మిరపకాయల మధ్య కూర్చుని కునికి ఉండడు. ఇక్కడ నిద్రొస్తే కళ్ళు నలుపుకోవడానికి లేదు. మామూలు మనిషి కళ్ళు నలుపుకుని, మొహం రుద్దుకుని, మళ్ళీ పనిలో పడతాడు. మిరపకాయ మనిషి మోచేత్తో నుదురు ఒత్తుకోవాలి, లేకపోతే భుజానికి కన్ను రుద్దుకోవాలి. భుజం మీద కూడా ఘాటు ఉంటుంది. పుల్లమ్మ రెండుసార్లు భుజానికి రుద్దుకుంది, రెండుసార్లూ కళ్ళు నిప్పులయ్యాయి. నీళ్ళు కారాయి. ఒక రకంగా మేలే అయింది, ఆ మంటకి పావుగంట నిద్ర పారిపోయింది.

ఆ తర్వాత లవంగం నమిలింది. చర్చి పాట సన్నగా కూనిరాగం తీసింది. మూడో చరణం దగ్గర మొదటి చరణమే మళ్ళీ వస్తోందని గమనించి మానేసింది. లేచి ఒక చుట్టు తిరిగింది. బిందె దగ్గర మణికట్ల మీద చన్నీళ్ళు పోసుకుంది. తిరిగొచ్చి కూర్చుంటే గోడ మెత్తగా అనిపించింది. ఇటుక గోడ మెత్తగా ఉందంటే ఇక చూసుకోండి.

చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎడమ చెయ్యి కాయ అందిస్తుంది, కుడి బొటనవేలు ముచ్చిక కింద దూరుతుంది, చిన్న మెలిక, టక్కుమని ఊడుతుంది. ముచ్చిక ఎడమకి, కాయ గంపలోకి. ఇదంతా చూడకుండా చెయ్యగలదు. అందుకే చూడటం ఎప్పుడు మానేసిందో తెలీలేదు. ఒకసారి ఉలిక్కిపడి చూస్తే గంప నిండింది. ఎప్పుడు నిండిందో గుర్తే లేదు.

పుల్లమ్మ గంపలో చెయ్యి పెట్టింది. మొదటి పిడికిట్లోనే ఒక ముచ్చిక కాయ వచ్చింది. రెండో పిడికిట్లో రెండు. అడుగు దాకా తిరగేసేసరికి ఏడయ్యాయి. ఏడింటినీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆకుపచ్చ తలపాగాలు చుట్టుకున్నట్టు ముచ్చికలతో ఏడు కాయలు. ఆవిడ గంపలో ముచ్చిక దొరికిన రోజు ఇంతవరకూ లేదు.

ఎవరూ చూడలేదు. ఏడు గోరుమెలికలు తిప్పితే ఇక అడిగేవాళ్ళే ఉండరు. ఆ ఏడింటి ముచ్చికలూ ఏరిపారేసి గంప ఎత్తుకుని పోతే ఒకటో నంబరు ఎప్పటిలాగే మచ్చ లేని గంప. బొటనవేలు అప్పుడే ఒక ముచ్చిక కిందికి దూరింది కూడా, దానికి అలవాటు గదా. పుల్లమ్మ ఆ వేలిని ఆపింది. ఎదురుగా బోర్లించిన ఏడో నంబరు గంప ఉంది. మచ్చ లేని గంప మనిషిని ఇంటికి పంపించారు. ఏడు ముచ్చికల గంప మనిషిని మేస్త్రి అంటున్నారు. ఇదెక్కడి న్యాయం? పైగా దీనికి సంతకం తనది.

ఆవిడ ఏడు కాయల్నీ గంప మీద కనపడేట్టు పేర్చి, గంప ఎత్తుకుని కాటా దగ్గరికి కాకుండా తిన్నగా అంకమ్మరావు బల్ల దగ్గరికి నడిచింది. 

"ఏంది పుల్లమ్మా, ఇక్కడ దించావు? కాటా అక్కడ గదా" అన్నాడు అతను, చెవి దగ్గర ఫోన్ తియ్యకుండానే.

"చూడండి సార్. ఏడు ముచ్చికలు. నావే. రాత్రి నిద్ర లేదు, కూర్చునే నిద్రపోయా."

అంకమ్మరావు ఫోన్ పెట్టేశాడు. కాయల్ని చూశాడు, ఆవిడ కళ్ళని చూశాడు, నవ్వాడు.

"ఏడేగా, తీసిపారెయ్. అట్టా లోపలికెళ్ళి ఆఫీసు గదిలో గంటసేపు నడుం వాల్చు. ఫానుంది, బల్ల ఉంది. ఎవరూ చూడరు. నువ్వంటే వేరు."

మంచిగానే అన్నాడు, పాపం. కానీ ఆ మంచితనమే పుల్లమ్మకి ఎక్కడో కాలింది.

"నేనెట్టా వేరు సార్?"

"మేస్త్రివి. ఇరవయ్యేళ్ళ సర్వీసు."

"నిద్రకి సర్వీసేం తెలుసు సార్? నిన్న ఏడో నంబరు కునికింది. ఆ గంప మోసింది నేనే, అడుగు దాకా చూశా. ముచ్చిక ఒక్కటి లేదు. ఇయ్యాల ఒకటో నంబరు కునికింది. ముచ్చికలు కళ్ళముందున్నాయి. రూలు మీది, సంతకం నాది. తియ్యండి ఫోటో."

వెనక వరసల్లో టక్కు టక్కుమనే చప్పుడు ఆగిపోయింది. అంకమ్మరావు అటొకసారి చూసి గొంతు తగ్గించాడు.

"రేపు పొద్దున ఇన్‌స్పెక్షన్ పెట్టుకుని ఏంది ఈ గొడవ? నేను మూడు రాత్రుల్నుంచి నిద్రపోయానా? కాగితాలు, కంటైనరు, ఓనరుగారి ఫోన్లు. నన్నెవరైనా పడుకోమన్నారా?"

పుల్లమ్మ అప్పుడు అతన్ని సరిగ్గా చూసింది. నిజమే. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చొక్కా గుండీ ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, తన ఆరాధన కంటే పదేళ్ళు పెద్ద.

"పాపం నాయనా" అంది. సార్ అన్న మాట ఎక్కడ జారిపోయిందో ఆవిడకే తెలీదు. "నువ్వూ కాసేపు పడుకో, ఎవరొద్దన్నారు? నీకు నిద్ర లేదని మాకెవరికీ తెలియనైనా తెలీదు. తెలిస్తే ఫోటో అయితే తియ్యం గదా."

అంకమ్మరావు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

"నన్నూ రేపట్నుంచి రావద్దంటే పోతా. ఉండమంటే ఆ పిల్లా నేనూ ఇద్దరం ఉంటాం. మధ్యలో ఇంకో దారి లేదు. ఆలోచించుకో, తొందరేం లేదు. ఈలోగా నేను పడుకుంటా. ఆఫీసు గదిలో కాదు."

వరసలోకి నడిచి వచ్చింది. ఏడో నంబరు గంప పక్కన, మనిషి పట్టేంత వదిలిన జాగాలో గోతం పరిచింది. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. స్తుతిని పిలిచింది.

"ఫోన్ చేతిలో పెట్టుకో. నేను నిద్రపోయాక ఫోటో తీసి గ్రూపులో పెట్టు. మొహం బాగా పడాల."

"నిజంగానే పెద్దమ్మా?"

"నిజంగా నిద్రపోయాకే తియ్యి. దొంగ నిద్ర ఫోటో నాకొద్దు. దాని కింద నా పేరు రాయి, మేస్త్రి అని కూడా రాయి."

పడుకుంది. పడుకున్నాక గానీ తెలీలేదు ఆ నేల ఎంత చల్లగా ఉందో. ఇరవై రెండేళ్ళు ఆ నేల మీదే కూర్చుంది, వీపు ఆనించడం ఇదే మొదలు. సిగ్గేస్తుందేమో అనుకుంది. వెయ్యలేదు. టక్కు టక్కుమని ముచ్చికల చప్పుడు మళ్ళీ మొదలైంది, మొదట ఒకటి, తర్వాత రెండు, ఆ తర్వాత వానలా. పుల్లమ్మ ఆ వానలో నిద్రపోయింది.

* * *

లేచేసరికి ఎండ తలుపు దాటి లోపలికొచ్చింది. నాలుగు కావస్తోంది. ఎవరో పైన పలచటి గుడ్డ కప్పారు. ఆవిడ గబుక్కున లేచి కూర్చుంది. సాయంత్రం గంప అసలు మొదలే పెట్టలేదన్నది మొదట గుర్తొచ్చింది. పొద్దుటి కాయని ఎవరో కాటా వేయించినట్టున్నారు, ఒకటో నంబరు గంప పక్కనే ఉంది, మళ్ళీ సగం దాకా నిండి ఉంది.

పుల్లమ్మ వేళ్ళు లోపలికి పోయాయి. ముచ్చికల కోసం కాదు, ఊరికే. ఒక పొరలో కాయల తలలు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. గోరు పెట్టకుండా మెలితిప్పే చెయ్యి అది, వెంకటేశ్వరమ్మది. అట్టడుగు పొరలో ప్రతి కాయ తల మీదా సన్నటి గోరుగాటు. అది స్తుతి తొందర. దాని పైన, రవ్వంత నూనె మెరుస్తున్న కాయలు. నూనె ఎక్కువ రాసుకునే మనిషి ముఠాలో ఒక్కతే ఉంది. పది మంది, పది దోసిళ్ళు. సంతకం చూసినట్టు ఒక్కొక్కటీ ఎవరిదో చెప్పగలిగింది.

దోసిలి పోసేటప్పుడు గర్వంగా ఉంటుందని ఆవిడకి తెలుసు. పోయించుకునేటప్పుడు కూడా ఉంటుందని యాభై నాలుగేళ్ళు వచ్చేదాకా తెలీలేదు. పది మంది ఒక మనిషిని పడుకోనిచ్చారంటే ఆ మనిషి ఇన్నాళ్ళూ బతికిన బతుకు దండగ కాలేదన్నమాట. ఎవరికీ దణ్ణం పెట్టలేదు. పద్ధతి గదా. 

"ఆ అబ్బాయి చూశాడా?" అని అడిగింది స్తుతిని, చిన్నగా.

"చూశాడు. మొదటి దోసిలి నేనే పోశా, నా మొహంలోకే చూశాడు. రెండోది పడేసరికి అటు తిరిగి ఫోన్ మాట్లాడుకుంటా కూర్చున్నాడు. ఆ ఫోన్ మోగలేదు పెద్దమ్మా, ఊరికే చెవి దగ్గర పెట్టుకున్నాడు."

"ఫోటో?"

స్తుతి చూపించింది. నోరు కొంచెం తెరుచుకుని, చెంగు జారి, నెరిసిన జుట్టు గోతం మీద పరుచుకుని పడుకున్న ముసలమ్మ. కింద 'పుల్లమ్మ, మేస్త్రి, డ్యూటీలో నిద్ర' అని ఉంది. దానికి సరిగ్గా పైన కాయల కుప్ప మీద తల ఆనించిన జహీరున్నీసా. 

"అంత గురక పెట్టానా?" అంది పుల్లమ్మ.

"ఫోటోలో గురక వినపడదులే" అంది స్తుతి. ఆవేళ షెడ్డులో మొదటిసారి అందరూ నవ్వారు.

రాత్రి ఎనిమిదింటికి అంకమ్మరావు ఫోన్ చేశాడు. "రేపు ఆరున్నరకల్లా అందరూ రండి" అన్నాడు.

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూ" అని పెట్టేశాడు. పుల్లమ్మ నవ్వుకుని, ప్రార్థన పూర్తిగా చేసుకుని పడుకుంది.

* * *

గురువారం తెల్లారి ఐదున్నరకి మలుపు దగ్గర బుడాన్ ఆటో ఆగింది. పుల్లమ్మతో కలిపి పదకొండు మంది ఎక్కారు. జహీరున్నీసా రాలేదు. రాత్రే స్తుతి చేత కబురు చేయించింది పుల్లమ్మ. ఐదు నిమిషాలు చూసి, చెప్పులు టపటపలాడిస్తూ ఆ ఇంటికి నడిచింది. బుడాన్ ఆటోని వెనకాలే మెల్లగా తీసుకొచ్చి వాకిట్లో ఆపాడు.

జహీరున్నీసా వసారాలో అత్తగారిని దిండుకి ఆనించి కూర్చోబెట్టి గిన్నెలో జావ తాగిస్తోంది. చెంప మీద కందిన మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు.

"టైమైపోతాందే అమ్మాయ్. కబురు అందలా?" అంది పుల్లమ్మ.

"అందింది పెద్దమ్మా. అందర్నీ రమ్మన్నాడంటగా."

"మరి?"

"అందర్లో నేను ఎట్టా ఉంటా? పొమ్మన్నప్పుడు అందర్నీ పొమ్మనలేదుగా, నన్నొక్కదాన్నే అన్నాడు."

పుల్లమ్మకి చిర్రెత్తుకొచ్చింది. నిన్నంతా అంత రభస చేసి, మొహం గ్రూపులో పెట్టించుకుని, ఇంటి గుమ్మం దాకా వస్తే ఇదా మాట? పదింటికి ఇన్‌స్పెక్షను. ముఠా మొత్తం వాకిట్లో నిలబడి ఉంది.

"ఇంకా ఆ ఫోటో గురించేనా? తీసెయ్యమని చెప్పిస్తాలే."

"వద్దు. ఉండనీ. కింద నీది కూడా ఉందిగా" అంది జహీరున్నీసా. ఒక చెంచా జావ తాగించి అత్తగారి మూతి తుడిచింది. "మొన్న రాత్రి ఆ ఫోటో చూసుకుని ఏడ్చా. నిన్న రెండూ కలిపి చూసుకుని నవ్వుకున్నా. నాకేం సిగ్గు లేదిప్పుడు. కానీ పొమ్మన్న మనిషే రమ్మనాల పెద్దమ్మా. పేరు పెట్టి రమ్మనాల. నా పేరు ఏడో నంబరు కాదుగా."

ఎప్పుడూ నోట్లో నాలుక లేదనిపించుకున్న పిల్ల. గొంతు కూడా పెంచకుండా అంటోంది. పుల్లమ్మకి వచ్చిన కోపం వచ్చినట్టే పోయింది. తను ఎవరి కోసం పోట్లాడిందో ఆ మనిషి తనకంటే ఒక మెట్టు పైన నిలబడి ఉంది. అది చూస్తుంటే కడుపు నిండినట్టుంది.

ఫోన్ తీసి నంబరు నొక్కింది. ఆటోలో ఉన్నవాళ్ళకి కూడా వినపడాలని స్పీకరు పెట్టింది.

"ఎక్కడున్నారు పుల్లమ్మా? ఓనరుగారు బయల్దేరారంట" అన్నాడు అంకమ్మరావు.

జహీరున్నీసా అని నోటి దాకా వచ్చిన పేరుని పుల్లమ్మ మింగేసింది. "ఏడో నంబరు మనిషి ఇంటి ముందున్నాం నాయనా. నువ్వు పిలిస్తే వస్తదంట."

"రమ్మన్నా గదా రాత్రే!"

"పేరు పెట్టి పిలవాలంట."

ఆటోలో ఒకరి మీద ఒకరు ఒరిగి చెవులు ఇటు పెట్టారు. అంకమ్మరావు గొంతు సవరించుకుని, "పేరేంది?" అన్నాడు.

స్తుతి అందించబోయింది. పుల్లమ్మ చెయ్యెత్తి ఆపింది.

"రిజిస్టర్లో రాసి ఉంటది నాయనా. చూసి చెప్పు. మేం ఆగుతాం."

కుర్చీ జరిగిన చప్పుడు. బీరువా తలుపు. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు ఆ చిన్న వాకిట్లోకి వచ్చింది. జహీరున్నీసా గిన్నె కింద పెట్టి లేచి నిలబడింది. తల మీద కొంగు సర్దుకుంది. ఫోన్లో తనని ఎవరూ చూడరని తెలిసినా సర్దుకుంది.

"జహీ... జహీరున్నీసా" అన్నాడు అంకమ్మరావు. ఎంత నిద్ర లేని గొంతైనా ఆ రెండోసారి మాత్రం తేటగా వచ్చింది. "జహీరున్నీసా గారూ. పనిలోకి రండి."

"వస్తా సార్" అంది ఆవిడ. "మా అత్తకి మాత్రలు వెయ్యాలి, పక్క మార్చాలి. పది నిమిషాలు పడతది."

"సరే అమ్మా" అని వినపడింది.

పుల్లమ్మ ఫోన్ కొంగున దోపుకుని వచ్చి ఆటోలో తన చోట కూర్చుంది. బుడాన్ వెనక్కి తిరిగి, "ఇంకా పది నిమిషాలంటే బైపాస్ దగ్గర లారీలు అడ్డం పడతాయి పెద్దమ్మా. హారన్ కొట్టనా?" అన్నాడు.

"కొట్టమాక. ఇంజన్ ఆపెయ్" అంది పుల్లమ్మ.

బుడాన్ ఆపేశాడు. తూర్పున పత్తి చేల మీద తెల్లవారుతోంది. వసారాలోంచి జహీరున్నీసా, అత్తగారిని నెమ్మదిగా పక్కకి తిప్పుతూ ఏదో చెబుతున్న మాటలు వినిపిస్తున్నాయి. ఆటోలో ఉన్న పదకొండు మందిలో ఎవరూ టైమెంతయిందని అడగలేదు.